అరువు కలముతో పరదేశపు చదువు

మన సంఘమువారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కోరినప్పుడు నేను కొంత సంకోచించితిని. నేను మెట్రిక్యులేషను వరకు మాత్రమే చదివినవాడను. ఒక ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా చేరి, ముప్పదియేడేండ్లు ఇతరుల దరఖాస్తులను చదివి, సంఖ్య వేసి, దస్త్రములో కట్టి, పై అధికారికి పంపి, 2019లో విశ్రాంతి పొందితిని. సాహిత్యవిమర్శ చేయు పాండిత్యము నాకు లేదు. సంగీత నాట్యములను గూర్చి చెప్పగల పెద్దలు మన సంఘమున పలువురున్నారు. నాకు తెలిసిన వస్తువు ఒక్కటే, అది దరఖాస్తు. కావున దానిని గూర్చియే వ్రాయుచున్నాను. ఇది చదివి కొందరికి కోపము రావచ్చును. వచ్చినను మంచిదే. కోపము వచ్చినవారైనను ఒక పర్యాయము ఆలోచింతురు గదా!

బరంపురములోనేమి, షోలాపురములోనేమి, బెంగుళూరు, చెన్నపట్టణము, యానాములలోనేమి, నేడు మన తెలుగు కుటుంబములలో పదునొకండవ తరగతి చదువుచున్న పిల్లవానిని “ఏమి చదివెదవు?” అని అడిగినచో “కంప్యూటరు సైన్సు” అనును. “ఎక్కడ?” అన్నచో “అమెరికాలో” అనును. వెనుక ఇంజనీరింగు పట్టము పుచ్చుకొన్న పిదప పై చదువునకు పోయెడివారు. ఇప్పుడు పన్నెండవ తరగతి ముగియగనే పోవలెనను కోరిక బయలుదేరినది. అదియును ఎక్కడనో ఒకచోటికి గాదు. ప్రపంచములో పేరెన్నికగన్న నాలుగైదు విశ్వవిద్యాలయములకే పోవలెనట. కోరికలో దోషము లేదు. దానిని తీర్చుకొనుటకు మనము పట్టిన త్రోవలో దోషము కలదు. పిల్లవాడు స్వయముగా వ్రాయవలసిన దరఖాస్తును మనము కూలికి వ్రాయించుచున్నాము. ఇది తప్పు, ఇది నష్టము, ఇది మనకు అవమానము. ఈ మూడు మాటలను ఋజువు చేయుటయే నా పని.

విదేశములకు పోయి చదువుట మనకు క్రొత్త గాదు. మా బరంపురము 1936 మార్చి నెలాఖరు వరకు మద్రాసు రాజధానిలోనిది. ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా మా పెద్దలు ఇల్లు కదలకయే పొరుగు రాష్ట్రమువారైరి. ఆ ఊరిలో 1894లో తెలుగు కుటుంబమున జన్మించిన వరాహగిరి వెంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండు దేశపు డబ్లిన్ నగరమునకు పోయిరి. 1916లో తిరిగి వచ్చిరి. 1969లో భారత రాష్ట్రపతియైరి. కంప్యూటరు శాస్త్రమునకే వచ్చినచో, చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు చెన్నపట్టణమునందలి గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొంది, ఆస్ట్రేలియాకు పోయి చదివి, అటుపిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1966లో డాక్టరు పట్టమందిరి. మనిషి మాటను యంత్రము గ్రహించునట్లు చేయు పరిశోధనలో పేరుగాంచి, 1994లో ట్యూరింగు బహుమానమునకు పాత్రులైరి. కంప్యూటరు శాస్త్రమునకు నోబెల్ బహుమానము లేదు. దానికి సాటిగా చెప్పుకొనునది ఇదియే. అనగా మనవారికి శక్తి లేక అరువు కలము పట్టుచున్నామనుట పొరపాటు. శక్తి యున్నది. మనపై మనకు నమ్మకము లేదు.

ఇక నా యింటి సంగతి చెప్పెదను. ఇల్లు దాచుకొని ఊరిని తిట్టువాడను గాను.

2023వ సంవత్సరమున నా మనుమరాలు పన్నెండవ తరగతి చదువుచుండెను. లెక్కలలో దిట్ట. మా అబ్బాయి ఒక మహానగరములోని కన్సల్టెన్సీవారికి లక్షన్నర రూపాయలు చెల్లించెను. ఆ సంస్థ పేరు నాకు అనవసరము. అట్టివి నేడు వీధికొకటి కలదు. వారి ప్రతినిధి టెలిఫోనులో నాతోను మాట్లాడెను. “బాబాయిగారూ, అమ్మాయి చదువుకుంటూ ఉంటే చాలు. దరఖాస్తు సంగతంతా మాకు వదిలేయండి” అనెను. నేను పొంగిపోతిని. దసరా వెళ్లిన పిదప వారు పూర్తిచేసిన దరఖాస్తు వచ్చినది. మనుమరాలు దానిని అచ్చు తీసి, వరండాలో నా ప్రక్కన కూర్చుండి, వ్యాసమును తెలుగు చేసి చదువనారంభించెను. కర్కటవ్యాధితో మామ్మ మరణించిన రాత్రి ఆసుపత్రి నడవలో తాను కూర్చుండి యేడ్చెనట. ఆ రాత్రియే రోగములను ముందుగా కనిపెట్టు కంప్యూటరును నిర్మింతునని ప్రతిజ్ఞ చేసెనట.

వంటింటిలో అప్పడముల పిండి కలుపుచున్న నా భార్యకు ఈ మాటలు వినబడినవి. “ఎవరు పోయారర్రా?” అని అడిగినది.

నేను ఉత్తరమీయలేకపోతిని. మనుమరాలు కాగితము క్రింద పెట్టి, “తాతయ్యా, ఇందులో నేను లేను. మామ్మ కూడా లేదు” అనెను.

మా అబ్బాయి ఆ సంస్థవారిని నిలదీసెను. వారు తడబడలేదు. “చావు ఒకటి ఉంటేనే వ్యాసం నిలబడుతుంది సార్. మామ్మగారు ఉన్నారో లేరో చూడడానికి వాళ్లు బరంపురం వస్తారా?” అనిరి. అంతటితో నేను దరఖాస్తు మొత్తము చదివించుకొంటిని. పాఠశాలలో ఎన్నడును లేని ఒక సంఘమునకు మా అమ్మాయి అధ్యక్షురాలు. ఉపాధ్యాయుని సిఫారసు ఉత్తరమును గూడ సంస్థవారే వ్రాసి, సంతకమునకు చోటు విడిచిరి. అన్నిటికంటె నన్ను బాధించినది వేరొక గడి. నీకు వచ్చు భాషలేవి, ఇంటిలో మాట్లాడునది ఏది అని ఆ ఫారములో అడుగుదురు. అక్కడ ఇంగ్లీషు అని వ్రాసియున్నది. పిదప హిందీ. తెలుగు అను మాట ఎచ్చటను లేదు. ఒడియాయును లేదు.

ఆలోచింపుడు! జనాభా లెక్కల సమయమున మన సంఘమువారు ఇల్లిల్లు తిరిగి “మాతృభాష గడిలో తెలుగు అని చెప్పండి, మరువకండి” అని వేడుకొందుము. మన సంఖ్య తరిగినచో మన పాఠశాలలు పోవునని, మన పుస్తకములు రావని వాపోవుదుము. ఇంత చేసి, మన బిడ్డ జీవితమున అత్యంత ముఖ్యమైన దరఖాస్తులో ఆ గడిని లక్షన్నర యిచ్చి తుడిపించుకొందుమా? అవమానమని నేనన్నది దీనినే.

ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయములు నిజముగా ఏమి అడుగుచున్నవో చూతము. మన దేశములో ప్రవేశపరీక్ష కలదు. మార్కు వచ్చినచో సీటు, రానిచో లేదు. ఆ పద్ధతి మనకు అలవాటు. అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయముల పద్ధతి వేరు. మార్కులు చూతురు, పరీక్షలు చూతురు. ఎం.ఐ.టి. అను మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము శాట్ లేక ఆక్ట్ పరీక్ష తప్పనిసరియని 2022లో మరల నిర్ణయించినది. కాని మార్కులు గుమ్మము వరకే తీసికొనిపోవును. లోనికి పోవుటకు మనిషిని చూతురు. పలు విద్యాలయములు కామన్ అప్లికేషను అను ఉమ్మడి దరఖాస్తును తీసికొనును. అందు 650 మాటలకు మించని ఒక వ్యాసము. పది వ్యాపకములకు పది గడులు, ఒక్కొక్క దాని వివరణకు 150 అక్షరములు. ఎం.ఐ.టి. తన సొంత దరఖాస్తునే పంపుమనును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి, ఒక్కొక్కటి 350 మాటలకు మించకుండ, సమాధానము వ్రాయుమనును. ఆ ప్రశ్నలు వేదాంతమును గూర్చినవి గావు. నీ ఇంటిలో, నీ బడిలో, నీ వీధిలో నీవేమి చేసితివి, ఏ కష్టమునకు ఎట్లు ఎదురు నిలిచితివి అనునవే.

దీనికి ఉత్తరము కొట్టులో దొరకునా? కార్యాలయమున నేను వేల అర్జీలు చూచితిని. కచేరి ముందర చెట్టు క్రింద కూర్చుండు అర్జీల లేఖకుడు ఎవరికి వ్రాసినను ఒకే తీరున వ్రాయును. “నిరుపేదను, నిస్సహాయుడను, తమ పాదములే దిక్కు” అనును. నాలుగు దినములలో నాకు ఆ చేతివ్రాత, ఆ ఫక్కి కంఠస్థమైనవి. పేరు చూడకయే ఇది ఫలానా చెట్టుక్రిందిది అని చెప్పగలిగెడివాడను. కాని ఒకనాడు ఒక ముసలమ్మ తన చేతితో వంకరటింకర అక్షరములతో “మా బావిలో ఎలుగుబంటి పడినది, మూడు దినములై నీళ్లు లేవు” అని వ్రాసి తెచ్చెను. ఆ కాగితము పై అధికారి బల్లమీదికి ఆ పూటయే పోయినది. ఒక చిన్న గుమాస్తాకే ఇంత తెలిసినప్పుడు, ఏటేట వేల వ్యాసములు చదువువారికి అంగడి వ్యాసము తెలియదా? చచ్చిన మామ్మలు వారి బల్లపై ఎందరు పడియుందురో! నష్టమని నేనన్నది ఇది.

తప్పు అనునది మూడవది. దరఖాస్తు చివర సంతకము కలదు. ఇందు వ్రాసినదంతయు సత్యము, ఇది నా సొంత రచన అని విద్యార్థి ఒప్పుకొనవలెను. అబద్ధమని తేలినచో ఇచ్చిన సీటును గూడ తీసివేయు అధికారము వారికున్నది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము కొన్ని దరఖాస్తులను ఏరి, వ్రాసినదానికి ఋజువు చూపుమని అడుగును. సంతకము పదునేడేండ్ల బిడ్డది, అబద్ధము మనది. పట్టుబడినచో శిక్ష ఎవరికి? బిడ్డకే. నా ముప్పదియేడేండ్ల ఉద్యోగములో చదువకుండ నేను ఏ కాగితముపైనను చేవ్రాలు చేయలేదు. మన పిల్లలచేత మొదటి చేవ్రాలే అబద్ధముపై చేయింతుమా?

ఇక ఆక్షేపణలు వినుడు.

“అందరును చేయుచున్నారు. అమెరికావారే చేయుచున్నారు” అని కొందరందురు. నిజమే. 2019 మార్చిలో అక్కడ పెద్ద కుంభకోణము బయటపడినది. సింగర్ అనునతడు ధనికుల యొద్ద సొమ్ము తీసికొని, పరీక్షలలో మోసము చేయించి, ఎన్నడును ఆటయే యాడని పిల్లలను ఆటగాండ్రని చూపి సీట్లిప్పించెను. ఏబదిమందికి పైగా నేరారోపణకు లోనైరి. 2023 జనవరిలో అతనికి మూడున్నర సంవత్సరముల కారాగారము విధించిరి. తల్లిదండ్రులు పలువురు చెరసాలకు పోయిరి. “అందరును చేయుచున్నారు” అనువారు ఈ చివరి భాగమును చెప్పరు.

“మాది చిన్న ఊరు, మా పిల్లల ఇంగ్లీషు చాలదు” అని మరికొందరందురు. ఇంగ్లీషు చాలనిచో నేర్పుడు. వ్యాకరణదోషములను ఒక ఉపాధ్యాయుడు చూపినచో తప్పు లేదు. చూపుట వేరు, వ్రాసి యిచ్చుట వేరు. చిన్న ఊరగుటయు దోషము గాదు. ఆ విద్యాలయములవారు పాఠశాలను గూర్చిన వివరమును పాఠశాల యొద్దనుండియే తెప్పించుకొని, ఆ పాఠశాలలో దొరకు అవకాశములలో ఈ పిల్ల ఏమి చేసినదని చూతురు. లేని సంఘమునకు అధ్యక్షురాలిని చేయనక్కరలేదు.

“మా జీవితములో వ్రాయుటకు ఏమున్నది?” అనువారే ఎక్కువమంది. ఈ మాట విన్నప్పుడు నాకు జాలి కలుగును. ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మూడవ భాష, పరీక్షలో నాలుగవ భాషతో పెరిగిన పిల్లకు వ్రాయుటకు ఏమియు లేదా? షోలాపురమున మగ్గముల నడుమ పెరిగి మరాఠీలో లెక్కలు నేర్చి తెలుగులో కలలు కనువానికి ఏమియు లేదా? యానాములో పుట్టి, గోదావరి నానుకొనియుండియు పుదుచ్చేరి సర్కారునకు అర్జీలు పెట్టుకొను ఇంటి బిడ్డకు ఏమియు లేదా? ఎవరును వ్రాయలేని సంగతి మన ముంగిట పడియున్నది. మనము దానిని తుడిచివేసి, అందరును వ్రాయు సంగతిని కొనుక్కొని వచ్చుచున్నాము.

“ఇప్పుడు మనిషితో పనియేమి, యంత్రమే వ్రాసిపెట్టును” అనువారు క్రొత్తగా బయలుదేరిరి. కృత్రిమమేధ చెప్పిన దానిని తన రచనగా పంపుట మోసమేయని కామన్ అప్లికేషనువారు తమ నియమములలో స్పష్టముగా వ్రాసికొనిరి. కంప్యూటరు శాస్త్రము చదువగోరువాడు తన్ను గూర్చి తాను వ్రాసికొనలేక కంప్యూటరు నడిగెనన్నచో, వంట నేర్వ వచ్చినవాడు హోటలు భోజనము చూపినట్లుండును.

సిఫారసు ఉత్తరమును గూర్చి ఒక మాట. మన ప్రాంతములలో సిఫారసు అన్నచో పలుకుబడి. అక్కడ అది సాక్ష్యము. పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు తాను కంటితో చూచినది చెప్పవలెను. “నీవే వ్రాసి తే, సంతకము పెట్టెదను” అను ప్రధానోపాధ్యాయులు మనలో కలరు. వారు చెడ్డవారు గారు. పని యెక్కువ, ఇంగ్లీషునకు బెదురు. అట్టివారికి మనము చేయవలసిన సాయము వేరు. అది చివర చెప్పెదను.

ధనము మాట చెప్పక తప్పదు. కన్సల్టెన్సీవారి జాబితాలలో ఇది మిక్కిలి సన్నని అక్షరములలో నుండును. ఇట్టి విద్యాలయములలో పలుచోట్ల ఒక సంవత్సరము చదువునకు, వసతికి కలిపి 80,000 డాలర్లకు పైగా నగును. హార్వర్డు, యేల్, ప్రిన్‌స్టన్, ఎం.ఐ.టి. విదేశీయుల విషయమున గూడ ప్రవేశనిర్ణయము చేయునప్పుడు కుటుంబపు ధనస్థితిని చూడవు. సీటు ఇచ్చినచో లోటును తామే పూరించును. ప్రిన్‌స్టన్‌వారు 2001 నుండి ఆ సహాయములో అప్పు కలుపుటయే మానివేసిరి. స్టాన్‌ఫర్డులో సహాయము కావలెనని విదేశీయుడు కోరినచో ఆ సంగతిని నిర్ణయమున లెక్కకు తీసికొందురు. కంప్యూటరు శాస్త్రమునకు పేరుపడిన కార్నెగీ మెలన్‌లో మొదటి పట్టమునకు వచ్చు విదేశీయులకు ధనసహాయము లేదు. బర్క్‌లీలో విదేశీయుల అవసరమును చూచి యిచ్చు సహాయము లేదు. మా అబ్బాయికి ఇచ్చిన జాబితాలో సహాయమీయని చోట్లే మెండు. ఇల్లు తాకట్టు పెట్టువాడు ముందుగా ఈ పట్టికను చూడవలదా?

సీట్లు ఎన్ని? ఎం.ఐ.టి.కి 2024లో 28,000 మందికి పైగా దరఖాస్తు చేయగా సుమారు 1,300 మందికి ప్రవేశము లభించెను. చేరువారిలో విదేశీయులు ఇంచుమించు పదవ వంతు. ఆ పదవ వంతులోనే ప్రపంచమంతయు సర్దుకొనవలెను. కావున నిజము వ్రాసినచో సీటు వచ్చునని నేను చెప్పను. అట్లు చెప్పినచో నేనును ఒక కన్సల్టెన్సీనే యగుదును. నిజము వ్రాసినను రాకపోవచ్చును. కాని రానప్పుడు బిడ్డ తలయెత్తుకొని నిలుచును. ఆమె వ్రాసికొన్నది ఆమె యొద్ద మిగులును.

సీటు రానంతమాత్రమున చదువు పోదు. సత్య నాదెళ్లగారు 1967లో హైదరాబాదున జన్మించి, కర్ణాటకములోని మణిపాలులో ఇంజనీరింగు చదివి, అమెరికాలో కంప్యూటరు శాస్త్రమునందు ఉన్నత పట్టమును 1990లో పొందినది మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున. మన పెండ్లిపందిళ్లలో ఆ విద్యాలయము పేరును గొప్పగా చెప్పుకొనువారిని నేను చూడలేదు. ఆయన 2014లో మైక్రోసాఫ్టునకు ముఖ్య కార్యనిర్వహణాధికారి యైరి. ఇంకొక సంగతి మనవారు పెక్కుమంది యెరుగరు. కంప్యూటరు శాస్త్రమున డాక్టరు పట్టమునకు చేరినవారికి అమెరికాలోని పెద్ద విద్యాలయములు సాధారణముగా రుసుము తీసికొనవు. జీవనమునకు భృతి యిచ్చును. ఇక్కడ తక్కువ ఖర్చుతో మొదటి పట్టము పొంది, నిజమైన పరిశోధన కొంత చేసి, పిదప ఆ తలుపు తట్టవచ్చును. రాజ్ రెడ్డిగారు పోయినదియు గిండీ చదువు ముగిసిన పిదపనే.

అబద్ధపు కాగితముల త్రోవ చివర ఏమున్నదో మనవారికి రెండు పర్యాయములు తెలిసినది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ అను విద్యాలయమును అధికారులు మూసివేసినప్పుడు చిక్కుకొన్నవారిలో అధికులు తెలుగు పిల్లలు. కొందరి కాలి మడమలకు జాడ తెలుపు యంత్రములు తగిలించిరి. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ విద్యాలయమున పట్టుబడినవారిలోను తెలుగువారే యెక్కువ. ఆ రెండవది విద్యాలయమే కాదు. దొంగలను పట్టుటకు అమెరికా ప్రభుత్వము పన్నిన వల. వ్యాసములో మామ్మను చంపుటకును దీనికిని సంబంధమేమి అని అడుగుదురేమో! కాగితము నిజము కానక్కరలేదు, పని జరిగిన చాలునను బుద్ధి రెంటికిని తల్లి. ఇప్పుడు దారి మరింత ఇరుకైనది. చదువు ముగిసిన పిదప ఉద్యోగపు వీసాలు ఏటికి 85,000 మాత్రమే. కోరువారు అంతకు మించుటచే చీట్లు వేసి తీయుదురు. 2025 సెప్టెంబరులో క్రొత్త వీసా దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుమును ఆ దేశాధ్యక్షుడు ప్రకటించెను. ఇట్టి కాలమున ఒక్క తప్పుడు కాగితమును మోయు బలము మన బిడ్డలకు లేదు.

ఇక మన సంఘమును గూర్చి. ఇతరులను దూషించుట సులభము. నిరుడు మన సంచిక వెనుక అట్టపై “వ్యాసము మాది, సీటు మీది” అను అర్థము వచ్చు ప్రకటన ఒకటి అచ్చువేసితిమి. దానికి వచ్చిన సొమ్ముతో ఉగాది పందిరి వేసితిమి. నేనును కార్యవర్గ సభ్యుడనే. నేనును చేయి యెత్తితిని. విదేశములో సీటు వచ్చిన పిల్లలకు శాలువలు కప్పితిమి. ఎట్లు వచ్చినదని ఎవ్వరమును అడుగలేదు. ఈ తప్పును ఇక్కడ ఒప్పుకొని, కొన్ని పనులను ప్రతిపాదించుచున్నాను.

మొదటిది, అట్టి ప్రకటనలను ఇకపై తీసికొనరాదు. పందిరి చిన్నదైనను సరే.

రెండవది, ఏటేట జూన్ మొదలు ఆదివారములందు మన సంఘ గ్రంథాలయమున విశ్రాంత ఉపాధ్యాయులు ఇద్దరు కూర్చుండి, పిల్లలు వ్రాసి తెచ్చిన వ్యాసములను వినవలెను. వారు కలము పట్టరాదు. “ఇది నిజముగా జరిగినదా? అప్పుడు నీవేమనుకొంటివి?” అని ప్రశ్నలు మాత్రము వేయవలెను.

మూడవది, ఊరిలోని ప్రధానోపాధ్యాయులను పిలిచి, సాక్ష్యమువంటి ఉత్తరము ఎట్లుండవలెనో, పాఠశాల వివరమును ఎట్లు పంపవలెనో కూర్చుండి చర్చింపవలెను. ఒడియాలోనో తెలుగులోనో వారు చెప్పినదానిని అక్షరము తప్పక ఇంగ్లీషు చేసిపెట్టువారిని మనము ఇవ్వవచ్చును.

నాలుగవది, పేర్లు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. బడిలో ఇంటిపేరు ఒంటి అక్షరమగును. ఒడియా, తమిళ, కన్నడ లిపుల మీదుగా ఇంగ్లీషునకు పోయిన మన ఇంటిపేర్లు ఒక పత్రములో ఒక తీరున, వేరొక పత్రములో వేరొక తీరున నుండును. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ విడిచినచో, అమెరికా వీసాపై పెట్టిన పేరు ఇంటిపేరు చోటికి పోయి, దాని స్థానమున “మొదటి పేరు తెలియదు” అను సంకేతము పడును. తాతముత్తాతల ఇంటిపేరు గలవాడు పేరు తెలియనివాడగును! తొమ్మిదవ తరగతిలోనే పత్రములన్నియు సరిచూచుకొనవలెను. ఈ పనికి విశ్రాంత గుమాస్తాను నేనున్నాను. ఎవరైనను రావచ్చును, రుసుము లేదు.

చివరకు నా మనుమరాలి దరఖాస్తు ఏమైనదో చెప్పవలెను గదా. ఆమె అంగడి వ్యాసమును చించివేసి, తానే వ్రాసెను. మన గ్రంథాలయపు పుస్తకముల పట్టికను కంప్యూటరులో ఎక్కించుటకు తాను పడిన పాటును వ్రాసెను. ఒకే రచయిత పేరు పాత రిజిస్టరులో తెలుగున ఒక తీరు, ఒడియాలో ఒక తీరు, ఇంగ్లీషులో మూడు తీరులు. శబ్దమునుబట్టి వాటిని ఒకచోట చేర్చు చిన్న ప్రోగ్రామును వ్రాసెను. అది తొలుత ఇద్దరు రచయితలను ఒక్కరిని చేసెను, ఒక్కరిని నలుగురిని చేసెను. ఎక్కడ పొరబడితినో, ఎట్లు దిద్దుకొంటినో యని ఆమె వ్రాసెను. వేసవి మధ్యాహ్నములలో రిజిస్టరులోని పేర్లను బిగ్గరగా చదివి వినిపించినది అయిదవ తరగతి చదివిన మామ్మ. ఆ వ్యాసములో మామ్మ బ్రతికియున్నది. భాష గడిలో తెలుగు మొదట, ఒడియా రెండవది.

ఎనిమిది విద్యాలయములకు పంపినది. 2024 మార్చి నెలాఖరునకు ఏడు కాదనినవి. ఒకటి సీటు ఇచ్చినది, సహాయమీయలేదు, కావున పోలేదు. ఇప్పుడు ఆమె మన రాష్ట్రములోనే ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచున్నది. మా వీధిలో కొన్న వ్యాసముతో సీటు సంపాదించి వెళ్లిన పిల్లవాడును ఒకడు కలడు. ఆ సంగతి దాచను. అతనిపై నాకు ద్వేషము లేదు. కాని అతని తండ్రి నన్ను చూచినప్పుడు వ్యాసముల మాట రాకుండ జాగ్రత్తపడును. మా మనుమరాలు తన వ్యాసమును తెలుగు చేసి మామ్మకు చదివి వినిపించినది. ఈ రెంటిలో ఏది లాభమో లెక్క కట్టుట పాఠకులకే విడుచుచున్నాను.

బిడ్డల దరఖాస్తులను బిడ్డలనే వ్రాయనిండు. కలము వారిది, సంతకము వారిది, సత్యము వారిది కానిండు. వృద్ధుని మాటలలో కాఠిన్యమున్నచో మన్నింపుడని మనవి చేయుచు సెలవు గైకొనుచున్నాను.